పాపం పోర్కీ, ఆ ఆకుపచ్చ బూట్లు

ఏడు నిమిషాల కార్టూన్‌లో నవ్వు, భయం రెండూ ఇలా కలిపి పెట్టొచ్చా అనిపించింది, వార్నర్ బ్రదర్స్ వాళ్ళ 1951 నాటి "ది వేరింగ్ ఆఫ్ ది గ్రిన్" మళ్ళీ చూస్తుంటే. చక్ జోన్స్ డైరెక్షన్. పోర్కీ పిగ్ అనే పంది హీరో ఐర్లాండ్‌లో డబ్లిన్‌కి పోతూ వానకి ఓ పాత కోటలో తలదాచుకుంటాడు, అక్కడి కేర్‌టేకర్ ఏదో తేడాగా ఉన్నాడే అనుకుంటే తీరా చూస్తే ఒకడి భుజాల మీద ఇంకొకడు ఎక్కిన ఇద్దరు లెప్రికాన్లు (ఐరిష్ జానపద కథల్లోని పొట్టి మాయగాళ్ళు)! మా బంగారు కుండ కొట్టేయడానికొచ్చావ్ అని విచారణ పెట్టి ఆకుపచ్చ బూట్లు తొడిగించేస్తారు, ఇక కాళ్ళు వాడి మాట వినవు, డాన్సే డాన్స్. అక్కడ్నుంచి బ్యాక్‌గ్రౌండ్‌లు కూడా పిచ్చి కలలా మారిపోతాయి, అంతా చేత్తో గీసిందే మరి.

నాకు బాగా నచ్చింది ఏంటంటే ఐరిష్ జానపద కథల్లో లెప్రికాన్ అసలు వృత్తే చెప్పులు కుట్టడం, సో శిక్ష బూట్ల రూపంలో రావడం భలే కుదిరింది. పాత కథల్లో వీళ్ళు ఎర్ర కోటు వేసుకునేవాళ్ళు, ఈ ఆకుపచ్చ గోలంతా తర్వాతొచ్చిందే.

ఐరిష్ యాసని మరీ ఎక్కువ లాగారు, అది కొంచెం ఇబ్బందే. కానీ మెల్ బ్లాంక్ గొంతులో పోర్కీ నత్తి, ఆ వణుకు... అబ్బా. ఆ రోజుల్లో పోర్కీ ఒక్కడే హీరోగా వచ్చిన ఆఖరి కార్టూన్ ఇదేనంట, తర్వాత ఎక్కువగా డాఫీ అనే బాతు లాంటి వేరే కార్టూన్ హీరోల పక్కన సైడ్ క్యారెక్టరే, అన్యాయం కదా.