ఓసకనా, ఒసాకానా?

ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. ఫోన్లో పేరుకుపోయిన జపనీస్ యాప్‌లను ఏరిపారేసే పని ఇవాళ్టికి కుదిరింది.

మొదటి జల్లెడ ఒక్కటే: రోమాజీ ఆపే వీలుందా? జపనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఈ పద్ధతి తెలుగువాళ్ళకి మేలుకన్నా చేటే ఎక్కువ చేస్తుంది. మన పేపర్లలో ఒసాకా అని కనిపించే ఊరి పేరు అక్కడ ఓసక. మొదటిది దీర్ఘం, మిగతా రెండూ హ్రస్వాలు. మామూలు ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ తేడా కనపడదు. ఒజిసన్ అంటే బాబాయో మామయ్యో, ఒజీసన్ అంటే తాతయ్య. కితె అంటే 'రా', కిత్తె అంటే తపాలా బిళ్ళ. గుణింతాలూ ఒత్తులూ వచ్చిన చెవికి ఇవి మొదటి రోజే వినిపిస్తాయి. జపనీస్ లిపులు రెండింటిలోని 46 హిరగన, 46 కతకన అక్షరాలు నేర్చుకున్నాక రోమాజీ ఆపేయాలి. ఆపనివ్వని యాప్ ఎంత ముద్దుగా ఉన్నా తీసేయడమే.

మాటలకి అంకి. ఒకవైపు మాట, రెండోవైపు అర్థం ఉండే కార్డులని కొన్ని రోజుల తేడాతో మళ్ళీ మళ్ళీ చూపించే యాప్. ఆ పేరుకి అర్థమే కంఠతా పట్టడం. కంప్యూటర్లో ఉచితం, ఆండ్రాయిడ్‌లో అంకీడ్రాయిడ్ కూడా ఉచితమే. ఐఫోన్‌లో మాత్రం ఒకసారి 25 డాలర్లు కట్టాలి. అదే పేరు తగిలించుకున్న వేరే యాప్‌లు స్టోర్లో చాలా ఉన్నాయి, జాగ్రత్త.

దీన్ని మధ్యలో వదిలేసేవాళ్ళలో చాలామంది దెబ్బతినేది సెట్టింగ్ దగ్గరే. ముందే ఉండే లెక్క రోజుకి 20 కొత్త కార్డులు. కొన్నాళ్ళకి రివిజన్లు దానికి పదింతలవుతాయి, అంటే రోజుకి 200. పండక్కి నాలుగు రోజులు ఊరెళ్ళొస్తే కొండంత పోగు. 10కి తగ్గిస్తే కైషి 1.5కే అనే రెడీమేడ్ కార్డుల డెక్‌లోని 1500 మాటలు 150 రోజుల్లో చూసేయొచ్చు. ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ (ఏ కార్డు మళ్ళీ ఎప్పుడు చూపాలో లెక్కేసే పద్ధతి) ఆన్ చేసి, డిజైర్డ్ రిటెన్షన్ (ఎంత వంతు గుర్తుండాలన్న లక్ష్యం) 0.90 దగ్గరే ఉంచాలి, 0.95కి పెంచితే పని బాగా పెరుగుతుంది. ఇంకో తప్పు: మర్చిపోయిన మాటకి మొహమాటపడి 'హార్డ్' బటన్ నొక్కడం. హార్డ్ అంటే కష్టపడ్డా గుర్తొచ్చిందని అర్థం. గుర్తు రాకపోతే 'ఎగైన్' నొక్కాలి, లేకపోతే అంకి లెక్కలన్నీ తప్పుతాయి.

చదివేటప్పుడు బ్రౌజర్‌లో యోమితన్ అనే ఎక్స్‌టెన్షన్. నిఘంటువు విడిగా దించుకోకపోతే అది ఏమీ చూపించదు. షిఫ్ట్ పట్టుకుని మాట మీద మౌస్ పెడితే అర్థం వస్తుంది. ఆ మాట అంకిలోకి వెళ్ళాలంటే అంకికనెక్ట్ యాడాన్ కావాలి, కోడ్ 2055492159. అంకి తెరిచి ఉండాలి కూడా. కార్డు చేరట్లేదంటే ముందు చూడాల్సింది ఇదే.

కంజికి, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలకి, వానికాని బాగుంటుంది, మొదటి 3 లెవెళ్ళు ఉచితం. కాకపోతే అర్థాలు ఇంగ్లీషులో టైపు చేయాలి. జవాబు తెలిసినా స్పెల్లింగు దగ్గర దెబ్బతినే ప్రమాదం ఉంది.

వ్యాకరణానికి యాప్ అక్కర్లేదు, ఒక మంచి పుస్తకం చాలు. 'తోక్యో ని ఇకు' అంటే తోక్యోకి వెళ్తాను. క్రియ చివర్లోనే, విభక్తి మాట వెనకే. మనకి అచ్చంగా సమానమైనది లేని 'వ', 'గ' ప్రత్యయాల తేడా మీదే ఎక్కువ సమయం పెట్టాలి.

చివరగా ఫాంటు. యూనికోడ్‌లో చైనా, జపాన్ రూపాలకి చాలా అక్షరాల్లో ఒకే కోడ్ ఉండటంతో కొన్ని ఫోన్లలో చైనా రూపం కనిపిస్తుంది. ఫోన్ భాషల జాబితాలో జపనీస్‌ని చైనీస్ కన్నా పైన పెట్టాలి, అంకి కార్డు స్టైలింగ్‌లో నోటో సాన్స్ జేపీ అనే జపనీస్ ఫాంటు ఇవ్వాలి. ఆ ఫాంటు ఫోన్లో ఉండాలి మరి. పరీక్షకి 'నఒసు' (直す) మాటలోని కంజి చాలు. దాని అర్థం బాగుచేయడం.