ఐరన్ మాత్రలు, టీ గ్లాసు

పాడేరు ఏజెన్సీలో హెల్త్ క్యాంపుకి వెళ్లొచ్చాక ఇది రాయాలనిపించింది. ఓ గర్భిణికి హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది, 11 అయినా ఉండాలి, 7 కంటే తగ్గితే తీవ్ర రక్తహీనత కింద లెక్క. మేం ఇంటికెళ్లేసరికి తలమీంచి కట్టెలమోపు దించుతోంది, కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు. మాత్రలు ఇవ్వలేదా అమ్మా అంటే చూరులో దోపిన అట్ట తీసి చూపించింది. విరేచనం నల్లగా అవుతోందని భయపడి మానేసిందట. అది మామూలేనని ఒక్కరైనా చెప్పాలి కదా! పైగా వేసుకున్న నాలుగు రోజులూ టీతోనే, ఆ టీ ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఈ కొండల్లో సికిల్ సెల్ అనే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు కూడా ఉంది, అదైతే ఐరన్ మాత్రలతో తగ్గేది కాదు. ఆ టెస్టూ రాసిచ్చాం, కానీ వాళ్ల ఊరికి జీపు వచ్చేది సంత రోజునే.