అమ్మ పింఛను

ఈ నెల అమ్మ ఫ్యామిలీ పింఛను కోత లేకుండా పడింది. నాన్న పోయాక కొన్నేళ్లు ఎక్కువ రేటు ఇచ్చారు. గడువయ్యాక తగ్గించడం మరిచిపోయింది ఆఫీసువాళ్లు. ఆరేళ్ల తర్వాత, ఎక్కువ ఇచ్చింది పింఛనులోంచి కోసుకుంటామని రికవరీ నోటీసు మాత్రం అమ్మకి, అదీ ఒడియాలో. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో అమ్మలాగా తెలుగు ఒక్కటే చదవగలిగినవాళ్లు ఎంతమందో! మాస్టారు చదివి చెప్పాక అమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. "నేనేం దొంగతనం చేశానురా?" అని ఒకటే టెన్షన్.

2014లో రఫీక్ మసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఆఫీసు పొరపాటున ఎక్కువ ఇచ్చిన సొమ్మును గ్రూప్ సి, డి (కింది స్థాయి) ఉద్యోగుల నుంచి, రిటైరైనవాళ్ల నుంచి రాబట్టకూడదని. నాన్న అటెండరు. ఆ తీర్పు జతచేసి అర్జీ పెట్టాం. రసీదు తీసుకున్నాం, అది మాత్రం ఎవరూ వదలకండి. నాలుగు నెలలకు కోత ఆపారు.

ఇకపై తక్కువ రేటే వస్తుంది, అది న్యాయమే. ముందు కోసుకున్న డబ్బు ఇంకా రావాలి. సోమవారం మళ్లీ వెళ్తున్నాను.