రాత్రంతా పాదాలు నాకే కుక్క, పగలంతా ఒళ్లు నాకే పిల్లి

రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక రాత్రి, మంచం కింద నుంచి ఆగకుండా వస్తున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. మా లాబ్రడార్ రాజా ముందరి కాలి వేళ్ల సందులను అదే పనిగా నాకుతున్నాడు. తెల్లవారాక చూస్తే మీగడ రంగు వెంట్రుకలు అక్కడ తుప్పు రంగుకు తిరిగి ఉన్నాయి. మట్టి అనుకొని సబ్బుతో కడిగాను కానీ అది పోలేదు. లాలాజలంలో ఉండే పోర్ఫిరిన్లనే పదార్థాలు వెంట్రుకలకు పట్టించే రంగు అదని, నెలల తరబడి నాకితే తప్ప అంత ముదరదని పశువైద్యులు చెప్పినప్పుడు సిగ్గుగా అనిపించింది. అప్పటికి ఏడాదిగా వాడి చెవులకు ఇన్ఫెక్షన్ వస్తూనే ఉంది. ప్రతిసారీ చుక్కల మందు వేసి, తగ్గగానే ఆ సంగతి మరిచిపోతూ వచ్చాను. పాదాలకూ చెవులకూ మూలం ఒకటే కావచ్చునని నాకు తట్టలేదు.

అలర్జీ అనగానే మనకు తుమ్ములు, ముక్కు కారడం గుర్తుకు వస్తాయి. కుక్కల్లోనూ పిల్లుల్లోనూ అది ప్రధానంగా చర్మం మీద బయటపడుతుంది. కుక్క అయితే పాదాలు నాకుతుంది, మూతిని సోఫాకు రుద్దుకుంటుంది, చంకలు, పొట్ట ఎర్రబడతాయి, చెవుల్లోంచి పులిసిన వాసన వస్తుంది. అయితే దురద పెట్టే ప్రతిదీ అలర్జీ కాదు. గజ్జి, తామర కూడా ఇలాగే కనిపిస్తాయి, పైగా అవి మనుషులకూ అంటుకుంటాయి. అందుకే డాక్టరు గారు ముందు చర్మాన్ని బ్లేడుతో మెల్లగా గీకి, ఆ పొట్టును సూక్ష్మదర్శిని కింద చూశారు. ఆ తరువాత ఆయన పట్టిన వరుస ఇది: మొదట పురుగులు, తరువాత తిండి, చివరికి ఇంట్లోని దుమ్ము, బయటి పుప్పొడి. ఆ వరుస తప్పితే డబ్బూ కాలమూ వృథా అవుతాయని నాకు అనుభవం మీద తెలిసింది.

పురుగులంటే మనకు ఒంటికి అతుక్కొని ఉబ్బే గోమార్లే గుర్తొస్తాయి. ఇక్కడ అసలు దోషి ఫ్లీ అనే గెంతే చిన్న పురుగు. దాని లాలాజలం పడని జంతువుకు ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి దురద పెడుతుంది. కుక్కలో తోక మొదలు, నడుము, తొడల వెనుక భాగం చూడాలి. పిల్లిలో దీన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. మా బుజ్జికి పొట్ట మీద వెంట్రుకలు పోతుంటే ఎండాకాలం ఊడటమేనని నేను సరిపెట్టుకున్నాను. నిజానికి అది పగలంతా నాకి నాకి తనే ఊడగొట్టుకుంటోంది. ఒళ్లంతా వెతికినా ఒక్క పురుగూ కనబడలేదు, ఎందుకంటే పిల్లి నాలుక మీది ముళ్లు పురుగును దువ్వి నోట్లో వేస్తాయి. చివరికి సన్నటి పళ్లున్న దువ్వెనతో వీపు దువ్వి, రాలిన నల్లటి రవ్వను తడి టిష్యూ కాగితం మీద వేశాను. అర నిమిషంలో దాని చుట్టూ ఎర్రటి మరక విచ్చుకుంది. మట్టి అయితే అలా కాదు. అది జీర్ణమైన రక్తంతో నిండిన ఫ్లీ మలం.

ఒంటి మీద ఉండేవి వాటి సంతానంలో కొన్నే. గుడ్లు పరుపులోకీ నేల సందుల్లోకీ రాలిపోతాయి, పెద్ద పురుగులుగా మారే ముందు గూడు కట్టుకున్న ప్యూపాలు నెలల పాటు కాచుకొని ఉండగలవు. కాబట్టి ఇంట్లోని అన్ని జంతువులకూ ఒకేసారి మందు వేయాలి, కనీసం మూడు నెలలు తప్పకుండా వేయాలి. ఇక్కడే నేను పెద్ద పొరపాటు చేయబోయాను. రాజా మెడ మీద వేసే చుక్కల మందు కొంచెం మిగిలితే బుజ్జికి వేద్దామని మూత తీసి, అలవాటు కొద్దీ పెట్టె వెనుక అక్షరాలు చదివాను. అందులో పెర్మెత్రిన్ ఉంది. కుక్క తట్టుకునే ఆ మందును పిల్లి కాలేయం విడగొట్టలేదు. వణుకు, మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు. పిల్లికి పిల్లి మందే వేయాలి, కుక్క మందును తగ్గించి వేయడం పనికిరాదు.

పురుగుల సంగతి తేలాక బుజ్జి పొట్ట మీద వెంట్రుకలు మళ్లీ వచ్చాయి. రాజా మాత్రం నాకడం మానలేదు. అప్పుడు తిండి వంతు వచ్చింది. తిండి అలర్జీని నమ్మకంగా తేల్చే రక్తపరీక్ష లేదు. ఉన్న దారి ఒక్కటే: అంతవరకూ తినని మాంసకృత్తులతో ఎనిమిది వారాల పథ్యం. మన ఇళ్లలో అందరూ ముందు అన్నాన్నే అనుమానిస్తారు కానీ, కుక్కల్లో ఎక్కువగా పడనివి గొడ్డుమాంసం, పాలపదార్థాలు, కోడి, గోధుమ. పిల్లుల్లో గొడ్డుమాంసం, చేప, కోడి. రాజా పుట్టి బుద్ధెరిగి కోడి, గుడ్డు, పెరుగన్నం తిన్నవాడు కనుక వాడికి మేక మాంసం, చిలగడదుంప నిర్ణయించాం. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయలేదు. ఉల్లి జాతి కుక్కకూ పిల్లికీ విషమే. పిల్లికైతే ఈ పథ్యం డాక్టరు చూపు దాటి చేయకూడదు, ఎందుకంటే కొత్త తిండి నచ్చక పిల్లి రెండు మూడు రోజులు ఉపవాసం ఉంటే కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది.

పథ్యం మాట చెప్పడం సులువు. ఇరవయ్యో రోజున పాదాలు మళ్లీ ఎర్రబడ్డాయి. ఎంత ఆలోచించినా కారణం దొరకలేదు. ఆ సాయంత్రం పెరట్లోకి వెళితే అరుగు మీద అమ్మ, ఆవిడ మోకాలి మీద గడ్డం ఆనించి రాజా, మధ్యలో గ్లూకోజ్ బిస్కెట్ల పొట్లం. “పాపం, నేను టీ తాగుతుంటే వాడు నా మొహం చూస్తాడురా, ఒక్కటి పెడితే ఏమవుతుంది?” అంది. బిస్కెట్టులో గోధుమపిండి, పాలపొడి రెండూ ఉన్నాయి. మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాం. ఈసారి రుచి కలిపిన నులిపురుగుల మాత్రను కూడా డాక్టరు గారిని అడిగి మార్చాం. ఆరో వారానికి చెవులు చల్లబడ్డాయి. పథ్యం ముగిశాక కావాలనే కోడిమాంసం పెట్టి చూడాలి. ఈ మెట్టు దాటవేస్తే ఏది పడలేదో ఎన్నటికీ తెలియదు. నాలుగో రోజుకల్లా చెవి లోపల ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంది.

కోడి మానేశాక సగం దురద పోయింది. మిగిలిన సగం ప్రతి వానాకాలం తిరిగి వస్తోంది, కాకినాడ గాలిలోని తేమకు దుమ్ములోని సూక్ష్మమైన పురుగులు బాగా పెరుగుతాయి కదా. సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసులో మొదలయ్యే ఈ రకం అలర్జీ పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలి. బయటి నుంచి రాగానే పాదాలు తుడిచి వేళ్ల సందులు ఆరబెడతాం, పక్కబట్టలు వారానికోసారి వేడినీళ్లలో ఉతుకుతాం, డాక్టరు రాసిన షాంపూను పది నిమిషాలు ఒంటి మీద ఉంచి కడుగుతాం. దురద ముదిరినప్పుడు ఓక్లాసిటినిబ్ మాత్ర ఉంది, ఏడాది నిండని కుక్కలకు అది వాడరు. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేసే లోకివెట్‌మాబ్ ఇంజెక్షను కుక్కలకే, పిల్లులకు కాదు. స్టెరాయిడ్ త్వరగా పనిచేస్తుంది, కానీ దాహం, ఆకలి, మూత్రం పెరుగుతాయి. ఎక్కువ రోజులు వాడాక ఒక్కసారిగా ఆపకూడదు.

మన మందుల డబ్బా జోలికి మాత్రం వెళ్లకండి. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. జలుబు మాత్రల్లో కలిసి ఉండే సూడోఎఫెడ్రిన్ రెండింటికీ ప్రమాదమే. పసుపు, నూనెలు పూసినా పిల్లి విషయంలో అవి చివరికి కడుపులోకే పోతాయి, టీట్రీ ఆయిల్ అయితే ఏకంగా విషం. తేనెటీగ కుట్టి మూతి వాచినా, దద్దుర్లతో పాటు వాంతులూ నీరసమూ వచ్చినా, పిల్లి నోరు తెరిచి ఊపిరి తీసినా రేపటి దాకా ఆగకూడదు. మెడ చాచి నేలకు వంగి దగ్గే పిల్లికి వెంట్రుకలు అడ్డం పడ్డాయనుకుంటాం. అది ఉబ్బసం కావచ్చు.

వంటింటి క్యాలెండరులో ప్రతి తేదీ కిందా ఆ రోజు దురదకు సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేస్తాం. మందు పనిచేస్తోందో లేదో డాక్టరు గారు నా మాటల కన్నా ఆ అంకెలనే ఎక్కువ నమ్ముతారు. ఇప్పుడు ఆ పని అమ్మే చూసుకుంటోంది. మొన్న చూస్తే అంతకు ముందు రోజు గడిలో 3 అని ఉంది; దాని పక్కన చిన్న అక్షరాలతో, “బిస్కెట్టు పెట్టలేదు” అని కూడా రాసి ఉంది.