పాల లెక్కల పుస్తకం వెనక పేజీలు

పోపు వాసన తగిలితే చాలు, పెరట్లోకి పరిగెత్తేదాన్ని. మాత్ర మొదలుపెట్టి అప్పటికి మూడు రోజులు. మా అత్తయ్య నా వీపు నిమురుతూ, "ఏమ్మా, విశేషమా?" అని అడిగారు. ఆవిడ ముఖంలో ఆ సంబరం చూసి నాకు నోట మాట రాలేదు. డిప్రెషన్‌కి డాక్టరు గారు రాసిన ఎస్సిటాలోప్రామ్, 5 మిల్లీగ్రాములది, పరగడుపున వేసుకుంటున్నానని ఆ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న మాత్రం ఇడ్లీ ప్లేటు ముందు పెట్టి, "ముందు ఇది తిను, తర్వాత మందు" అన్నారు.

డాక్టరు గారు ఫోన్లో చెప్పిందీ అదే. ఈ మందు సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తుంది. అది మెదడులోనే ఉంటుందనుకున్నాను నేను. ఒంట్లో ఉన్నదాంట్లో 90 శాతం దాకా పేగుల్లోనే ఉంటుందట. అందుకే ఈ మందులు మొదట కడుపుని తిప్పేస్తాయి. తిన్నాక వేసుకుంటుంటే వికారం బాగా తగ్గింది, రెండు వారాలు దాటేసరికి పూర్తిగా పోయింది. కష్టమంతా ఆ రెండు వారాలదే. ఇబ్బందులు మొదటి రోజుల్లోనే వచ్చేస్తాయి, గుణం కనపడ్డానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. మందు పడలేదని చాలామంది అక్కడే మానేస్తారు. నేనూ మానేసేదాన్నే, అత్తయ్య ఇడ్లీ ప్లేటు లేకపోతే.

పాల లెక్కలు రాసే పుస్తకంలో వెనక నుంచి రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు తీసి చూస్తే ఇలా ఉంది: "మాత్ర పొద్దున్న కాకుండా రాత్రి వేసుకున్నా. రెండున్నర దాకా నిద్ర లేదు." "నోరు ఎండిపోతోంది, క్లాసులో మూడో పీరియడ్‌కి గొంతు రాలేదు." "పొద్దున్న లేచేసరికి దవడలు నొప్పి, చపాతీ నమలలేకపోయా." నిద్రలో పళ్లు బిగబట్టేస్తున్నానని నాకు తెలియదు. ఆ పేజీ చూపించాకే అది కూడా మందు వల్ల కావచ్చని డాక్టరు గారు అన్నారు. మాత్రని మళ్లీ పొద్దుటికి మార్చారు, నిద్ర కుదుటపడింది. ఇదే మందు కొందరికి మత్తుగా ఉంటుంది, వాళ్లని రాత్రి వేసుకోమంటారట.

ఒక్క విషయం మాత్రం పుస్తకంలో రాయలేదు. మోతాదు 15కి పెంచాక మా ఆయన దగ్గర నాకు ఏ కోరికా, ఏ స్పందనా లేకుండా పోయింది. తన మీద ప్రేమ తగ్గిందేమోనని ఆయన బాధ, నాలోనే ఏదో చచ్చిపోయిందని నా బాధ. మూడు నెలలు నలిగాక, చిన్న కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాను. డాక్టరు గారు చదివి, "ఇది చాలామందికి వస్తుందమ్మా, మొదట్లోనే నేనే అడగాల్సింది" అన్నారు. మోతాదు తగ్గించి చూడొచ్చు, అవసరమైతే మందే మార్చొచ్చు అన్నారు. 10కి తగ్గించారు. నెమ్మదిగా తేడా తెలిసింది. ఆ మూడు నెలలు ఊరికే పోయాయని ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక నేను చేసిన పెద్ద తప్పు. బాగానే ఉన్నాను కదా అని, చెల్లెలి పెళ్లి హడావుడిలో మాత్రలు మానేశాను. నాలుగో రోజు తలంబ్రాల పళ్లెం పట్టుకుని పక్కకి తిరిగితే, కళ్లు తిప్పినప్పుడల్లా తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంది. నేల ఊగింది. ఊరికే ఏడుపు వచ్చేసింది. జబ్బు తిరగబెట్టిందని భయపడిపోయాను. సాధారణంగా జబ్బు తిరిగొస్తే మెల్లగా వారాల మీద వస్తుందనీ, మానేసిన రెండు మూడు రోజులకే ఇలా అయితే మందు ఒక్కసారిగా ఆపడం వల్ల కావచ్చనీ అప్పుడు తెలిసింది. డాక్టరు గారు చెప్పినట్టు మళ్లీ మొదలుపెడితే రెండు రోజుల్లో సర్దుకుంది.

మొదటి వారాల్లో టెన్షన్ ఇంకా పెరిగినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా, ముఖ్యంగా పాతికేళ్ల లోపు వాళ్లకి, అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. వెంటనే డాక్టరుకి చెప్పండి, ఇంట్లోవాళ్లని పక్కన ఉండమనండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. మెడికల్ షాపులో ఒళ్లు నొప్పుల మాత్రో దగ్గు మందో తీసుకునేటప్పుడు కూడా ఈ మందు వాడుతున్నానని చెబుతున్నాను. ట్రమడాల్ అనే నొప్పి మందు లాంటివి దీంతో కలిస్తే ప్రమాదం.

ఈ నెల నుంచి డాక్టరు గారు మోతాదు 5కి దించారు. పుస్తకంలో మళ్లీ రాస్తున్నాను. నిన్నటి పేజీలో పాలు అర లీటరు, నిద్ర ఏడు గంటలు. పక్కన అత్తయ్య చేత్తో: "టిఫిన్ తిన్నాకే వేసుకుంది."