జమ్మి కొమ్మ, పాలపిట్ట దర్శనం

శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ |
అర్జునస్య ధనుర్ధారీ రామస్య ప్రియదర్శినీ ||

విజయదశమి సాయంత్రం జమ్మి చెట్టుకు ప్రదక్షిణ చేస్తూ చదువుకునే శ్లోకమిది. పాపాన్ని శమింపజేసేది, శత్రువులను నశింపజేసేది, అర్జునుని ధనుస్సును దాచి కాపాడినది, రామునికి ప్రియమైన దర్శనమిచ్చినది శమీవృక్షమని దీని భావం. ఏటేటా కాగితం మీద రాసి కొమ్మకు కడుతూనే ఉన్నా, ‘ప్రియదర్శిని’ అన్న చివరి మాట దగ్గర నా మనసు నిలిచింది మాత్రం ఈ మధ్యనే. తెలంగాణ పల్లెల్లో ఆనాటి మరో ఆచారం కూడా దర్శనమే కదా! జమ్మికి పోయే దారిలోనో, పూజ ముగిశాకనో, పొలిమేర దాటి పాలపిట్టను చూసి రావాలి. అజ్ఞాతవాసం ముగించుకొని వస్తున్న పాండవులకు ఆ పిట్ట కనిపించిందని, ఆపైన వారికి అన్నీ విజయాలేనని పెద్దలు చెబుతారు.

మా బాపు నన్ను చెరువు కట్ట మీదుగా తీసుకుపోయి, కరెంటు తీగ మీద ముడుచుకొని కూర్చున్న మట్టిరంగు పిట్టను చూపించి, “అగో, మొక్కు” అన్నప్పుడు నేను నమ్మలేదు. రొమ్ము గోధుమ వన్నెలో ఉంది, మెడ మీద సన్నని తెల్లని చారలున్నాయి, నీలం ఎక్కడా పెద్దగా లేదు. అంతలో అది గట్టు మీదికి జారి మిడతను ముక్కున కరుచుకొని మళ్ళీ తీగ మీదికి వచ్చింది. ఆ రెండు క్షణాల్లో విప్పిన రెక్కల్లో లేత నీలం, ముదురు నీలం పట్టెలు పట్టెలుగా మెరిశాయి. ఉత్తరాదిలో దీన్ని నీలకంఠమని పిలిచి శివస్వరూపంగా కొలుస్తారు. నిజానికి దీని మెరిసే నీలం కంఠంలో కాక ఎక్కువగా రెక్కల్లోనే ఉంది. అది ఎగిరితే తప్ప మనకు దొరకదు.

అప్పటి నుండి దసరాకే కాక ఏడాది పొడవునా దాని కోసం చూడటం అలవాటైంది. ఎండలు ముదిరే చైత్ర వైశాఖాల్లో మగపిట్ట నిటారుగా పైకెగిరి, కర్కశంగా అరుస్తూ పల్టీలు కొడుతూ కిందికి దూకుతుంది. జతను మెప్పించే ఆట అది. తల తెగిన తాటిమొద్దుల్లో, ముసలి చెట్ల తొర్రల్లో గుడ్లు పెడుతుంది. వానలు వెనుకబట్టి చేలు నిండుగా ఉండే ఆశ్వయుజంలో మిడతలకూ పురుగులకూ కొదువ ఉండదు కనుక, పొలం అంచున తీగ మీదో ఎండుకొమ్మ మీదో కాపు కాస్తూ కనిపిస్తుంది. అదే రోజుల్లో బీళ్ళలో తంగేడు పసుపు పచ్చగా విరగబూసి, గునుగు తెల్లగా తలలెత్తి బతుకమ్మకు సిద్ధమవుతాయి. పండుగను ఇక్కడ పెట్టిన పూర్వీకులు పంచాంగంతో పాటు పొలాన్ని కూడా చదివారని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే కొన్నేళ్ల క్రితం ఒక పట్టణంలో, జమ్మి పూజ జరిగే చోట, పంజరంలో పాలపిట్టను పెట్టి డబ్బులు తీసుకొని చూపించడం కళ్ళారా చూసినప్పుడు నా కడుపు తరుక్కుపోయింది. రెక్కల ఈకలు కత్తిరించి ఉన్నాయి. జనం చేతులు జోడించి ముందుకు కదులుతున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ పిట్టను పట్టడమే నేరం. పైగా 2014లో పాలపిట్టను రాష్ట్ర పక్షిగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకున్న నేల ఇది. చట్టం మాట అటుంచినా, ఎగరలేని పిట్టలో ఆ నీలం ఎలా కనిపిస్తుంది? మనం వెళ్ళి చూడవలసినదాన్ని మన దగ్గరికి ఈడ్చుకొచ్చుకుంటే దర్శనమన్న మాటకు అర్థమే లేదు. జమ్మి విషయంలోనూ పిడికెడు ఆకు చాలే చోట కొమ్మలకు కొమ్మలు విరిచి తెస్తున్నాం. మరుసటి ఏటికి ఆ చెట్టు మోడుగా మిగులుతోంది.

నిరుడు దసరాకు బాపుతో కలిసి మళ్ళీ అదే కట్ట మీదికి వెళ్ళాను. పొద్దు వాలేదాకా కూర్చున్నాం. తీగ ఖాళీగానే ఉంది. చీకటి పడుతుండగా ఆవలి తాటిచెట్ల వైపు నుండి ఆ బొంగురు అరుపు ఒక్కటి వినిపించింది. బాపు లేచి నిలబడి, చెప్పులు విడిచి, అరుపు వచ్చిన దిక్కుకు మొక్కాడు. ఇంటికి వచ్చి ఆయన చేతిలో జమ్మి ఆకు బంగారం పెట్టి, కాళ్ళకు దండం పెట్టుకున్నాను.