అమ్మ గీజరు, నా తిప్పలు

చలికాలం పొద్దున్నే లేచి గీజర్ వేయడానికి అమ్మకి బద్ధకం. అందుకే వైఫై మీద ఫోన్‌తోనే ఆన్, ఆఫ్ చేసే 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్గు ఒకటి కొని మొన్న ఆదివారం గుంటూరు తీసుకెళ్లాను. పది నిమిషాల పని అనుకున్నా, రెండు గంటలు పట్టింది.

ప్లగ్గు మీద నీలం లైటు టకటకా కొట్టుకుంటూనే ఉంది. యాప్‌లో అంకె 99 దాకా వచ్చి, 'కనెక్ట్ కాలేదు' అంటోంది. పాస్‌వర్డ్ నాలుగుసార్లు కొట్టా. "పాడైందేమోరా, తిరిగిచ్చెయ్" అని వంటింట్లోంచి అమ్మ.

ప్లగ్గు బాగానే ఉంది. ఇలాంటి చవక వస్తువుల్లో ఎక్కువ వాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే తెలుసు. మా రూటరేమో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫైలు ఇస్తూ, రెండిటికీ ఒకే పేరు పెట్టుకుని కూర్చుంది. నా ఫోన్ 5లో ఉంది, ప్లగ్గు 2.4లో వెతుక్కుంటోంది.

రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి (అడ్రస్ దాని అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది) 2.4కి వేరే పేరు పెట్టా. ఫోన్‌ని అందులోకి మార్చి మళ్లీ మొదలుపెడితే అరనిమిషంలో లైటు నిలకడగా వెలిగింది. తర్వాత ఫోన్ 5కి వెళ్లిపోయినా ప్లగ్గుకి పట్టింపు లేదు.

అయినా హాల్లో రూటర్‌కి, బాత్రూమ్‌కి మధ్య రెండు గోడలు. 5 వేగమే గానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. ఆన్, ఆఫ్ తప్ప ప్లగ్గుకి వేగమెందుకు, సినిమాలు చూస్తుందా?

ఐదున్నరకి టైమర్ పెట్టి వచ్చా. అమ్మేమో రాత్రి పడుకునేముందు అలవాటుగా గోడ స్విచ్ ఆపేస్తోంది.